సముద్రగర్భాన ఫిరంగుల జన్మవృత్తాంతము

“ఫిరంగి” అన్న మాటలోనే ఒక పుట్టుక కథ దాగి ఉన్నది. ఐరోపావారిని పారశీకులు “ఫరంగీ” అన్నారు. ఆ పేరే మన భాషలో ఆయుధానికి స్థిరపడినది. కాని ఒకానొక ఫిరంగిని ఏ దేశాన, ఏ యేట పోతపోసినారో తెలియవలెనంటే ఆ లోహాన్నే అడుగవలెను.

1996 నవంబరులో అమెరికాలోని ఉత్తర కరోలినా తీరాన, బోఫోర్ట్ రేవు చెంత, ఒక ఓడ శిథిలాలు బయటపడినవి. “బ్లాక్‌బియర్డ్” అన్న పేర ప్రసిద్ధుడైన సముద్రపు దొంగ ఓడ “క్వీన్ ఆన్స్ రివెంజ్” 1718లో ఆ ప్రాంతాననే ఇసుకతిన్నెకు తగిలి నిలిచిపోయినది. ఇది ఆ ఓడయేనా?

మూడు శతాబ్దాలు సముద్రాన పడియున్న ఇనుము చుట్టూ ఇసుక, గవ్వలు, తుప్పు కలిసి బండవలె గట్టిపడును. ఆ పెంకు తొలగించి, ఫిరంగిని క్షారజలంలో ఉంచి, సన్నని విద్యుత్ప్రవాహం పంపుతూ లోహంలో చేరిన ఉప్పును బయటికి రప్పించవలెను. ఇందుకు ఏండ్లు పట్టును. తొందరపడి ఎండనిచ్చినచో ఇనుము పగిలి పొరలుగా రాలిపోవును; దానితోపాటు అక్షరాలును పోవును.

ఆ అక్షరాలే ఆధారం. ఆంగ్లేయుల ఫిరంగులపై తరచు మూడు అంకెలు చెక్కి ఉండును. మొదటిది 112 పౌన్ల హండ్రెడ్‌వెయిట్లు, రెండవది అందులో నాలుగో వంతు, అనగా 28 పౌన్ల లెక్క, మూడవది విడి పౌన్లు. 20–2–10 అని ఉన్నచో బరువు 2,306 పౌన్లు. ఆ తూకపు పద్ధతియే దేశాన్ని సూచించును.

ఈ శిథిలాలలోని ఒక చిన్న ఫిరంగిపై 1713 అన్న సంవత్సరం ఉన్నది. గుర్తులను బట్టి అది స్వీడనులో తయారైనది. అక్కడే దొరికిన గంటపై 1705 అని ఉన్నది. విద్యార్థులు ఇచ్చట ఒక్క క్షణం ఆలోచించవలెను. గంటను చూచి ఓడ 1705 నాటిదని చెప్పరాదు. కాని 1713 నాటి ఫిరంగి ఉన్నది గనుక ఓడ అంతకు ముందు మునగలేదని నిశ్చయంగా చెప్పవచ్చును. మరి ఓడ స్వీడను వారిదా? అదియు కాదు. ఇంగ్లండు ఫిరంగులును అక్కడ ఉన్నవి. ఆయుధాలు అమ్ముడుపోవును, కొల్లపోవును, చేతులు మారును. పుట్టిన ఊరు వేరు, ఏలిన చేయి వేరు.

ఏ ఒక్క గుర్తూ ఓడ పేరును తేల్చలేదు. స్థలం, కాలం, ఆయుధాల సంఖ్య అన్నియు కలిసివచ్చిన పిమ్మటనే, 2011లో, ఇది బ్లాక్‌బియర్డ్ ఓడయేనని రాష్ట్రాధికారులు ప్రకటించినారు.

ఆ ఓడకు అంతకు పూర్వం మరొక పేరు ఉండెను. “లా కాంకార్డ్” అన్న ఫ్రెంచి ఓడగా, 1717లో ఆఫ్రికాలోని విదా రేవున 516 మందిని బానిసలుగా ఎక్కించుకొని బయలుదేరినది. దొంగలకు చిక్కునాటికి వారిలో 61 మంది మరణించినారు. ఫిరంగికి ఊరు తెలిసినది, యేడు తెలిసినది, తూకం తెలిసినది. ఆ మనుష్యుల పేర్లు మాత్రం ఏ ఇనుముపైనను లేవు.