మెట్లు పెరిగే కుటీరం

ఇంటికి మెట్లు ఒకసారి కట్టుకుంటే చాలు. కాని స్విట్జర్లాండులో, ఆల్ప్స్ పర్వతాలలో ఒక కుటీరం ఉన్నది. దాని మెట్లకు అప్పుడప్పుడు కొత్త మెట్లు కలపవలసి వస్తూనే ఉన్నది. పైన కాదు, అడుగున! ఆ కథ తెలియాలంటే మనం రెండురోజులు నడవాలి.

ఆ కుటీరం పేరు కాంకోర్డియా. ఎత్తు 2850 మీటర్లు. కుటీరమంటే పర్ణశాల అనుకోకండి. పర్వతారోహకులు రాత్రికి తలదాచుకోవడానికి కొండ భుజం మీద కట్టిన గట్టి బస అది. వందమందికి పైగా పడుకోవచ్చు. చాలామంది యుంగ్‌ఫ్రౌయోఖ్ నుంచి నడక మొదలుపెడతారు. అక్కడిదాకా కొండ కడుపులో తొలిచిన సొరంగం గుండా రైలు పోతుంది. 1912లో తెరిచిన ఆ స్టేషను 3454 మీటర్ల ఎత్తున ఉన్నది.

రైలు దిగిన కాసేపటికే కొందరికి తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. గాలిలో ఆమ్లజని పాలు అక్కడా 21 శాతమే. కాని వాయు పీడనం సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులే. కాబట్టి ఒక్కొక్క శ్వాసతో ఊపిరితిత్తులకు అందే ఆమ్లజని కూడా ఆ మేరకు తగ్గుతుంది. కాలినడకన మెల్లగా ఎక్కేవాడికి శరీరం సర్దుకునే వ్యవధి ఉంటుంది. రైలెక్కినవాడికి ఆ వ్యవధి ఏదీ?

స్టేషను దాటితే అంతా మంచే. ఇదే ఆలెచ్ హిమానీనదం. ఆల్ప్స్ అంతటికీ పెద్దది. కాంకోర్డియా దగ్గర పెద్ద మంచు పాయలు వచ్చి కలుస్తాయి. అక్కడ మంచు మందం 800 మీటర్లకు పైమాటే. మంచుగడ్డ గట్టి పదార్థం గదా, అది నదిలా ఎలా పారుతుంది అని మీరు అడగవచ్చు. అంత మందాన పేరుకున్న మంచు తన బరువుకు తానే వంగి, సాగి, వాలువైపు జరుగుతుంది. రాతి అడుగు మీద కొంత జారుతుంది కూడా. కాని పైపొర మీద ఆ ఒత్తిడి లేదు. అది సాగలేక పగులుతుంది. ఆ పగుళ్ళు ఎన్నో మీటర్ల లోతు ఉంటాయి.

పగులు కనిపిస్తే చుట్టూ తిరిగి పోవచ్చు. కనిపించనిదే ప్రాణాంతకం. ఎగువ భాగంలో కొత్త మంచు పగుళ్ళ మీద వంతెనలా కప్పుకుంటుంది. ఉదయం అది గడ్డకట్టి మనిషిని మోస్తుంది. ఎండ ఎక్కాక మెత్తబడి కూలవచ్చు. అందుకే పెందలాడే బయలుదేరతారు. ఒకరికొకరు దూరం పాటిస్తూ, అందరూ ఒకే తాటికి కట్టుకుని నడుస్తారు. ఒకరు పడితే మిగతావారు ఆపాలి. తాడు బరువని సంచిలో పెట్టుకునేవాణ్ణి ధైర్యవంతుడని నేననను.

మధ్యాహ్నానికి కుటీరం కింద చేరతాం. తలెత్తి చూస్తే అది ఎక్కడో ఆకాశంలో ఉంటుంది! 1877లో మొదటి కుటీరం కట్టినప్పుడు మంచు దానికి సుమారు 50 మీటర్లు మాత్రమే దిగువన ఉండేది. ఎండాకాలంలో కరిగే మంచు, చలికాలంలో పడే మంచును మించిపోతున్నది. నది పలచబడి కుంగింది. బండకు బిగించిన ఇనుప మెట్లు ఇప్పుడు నాలుగువందలు దాటాయి. కుటీరం లేచిందేమీ లేదు, మంచే దిగిపోయింది. వాతావరణం వేడెక్కుతున్నదని అంకెలతో చెబితే నమ్మనివాడు ఈ మెట్లెక్కితే చాలు, మోకాళ్ళే చెబుతాయి.

లోపల కట్టుబాట్లున్నాయి. మంచు బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి, రాత్రి పెందలాడే దీపాలార్పాలి. సరుకులు హెలికాప్టరులో రావాలి. నీళ్ళు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి కనుక పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కరు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఇంకొక పుస్తకం ఉంటుంది. ఎవరు వచ్చారు, రేపు ఎటు పోతారు అన్నది అందులో రాయాలి. రేపు మీరు చేరవలసిన చోటికి చేరకపోతే, వెదికేవాళ్ళకు అదే మొదటి ఆధారం.

1926 మార్చిలో ఈ హిమానీనదం మీదికి వెళ్ళిన ముగ్గురు అన్నదమ్ములు తిరిగి రాలేదు. 2012లో, 86 ఏళ్ళ తరువాత, వారి ఎముకలు దిగువన మంచు పైన తేలాయి. శాస్త్రజ్ఞులు మంచు ప్రవాహాన్ని గణితంతో వెనక్కి నడిపించి, వారు ఎక్కడ కనుమరుగై ఉంటారో లెక్కకట్టారు. అది సుమారు 10 కిలోమీటర్లు ఎగువన. పదివేల మీటర్లను 86తో భాగించి చూడండి. ఏడాదికి 116 మీటర్లు, అంటే రోజుకు సుమారు ఒక అడుగు. ఎగువన మంచులో కూరుకుపోయినది లోలోపల ప్రయాణించి, దిగువన పైపొర కరిగాక బయటపడుతుంది.

రెండోరోజు ఉదయం ఆ మెట్లే దిగి, మేర్యెలెన్ వైపు నడుస్తారు. వేసవిలో అక్కడ పైమంచు కరిగిపోయి, బోడి గడ్డ మిగులుతుంది. చూడడానికి పగుళ్ళతో భయంకరంగా ఉంటుంది గాని, నిన్నటి తెల్లని మైదానం కంటే ఇదే నయం. పగులు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. కొన్ని గంటలలో ఒడ్డు రాళ్ళు కాలికి తగులుతాయి. అక్కడ తాడు విప్పుతారు.