నీటి యడుగున ఛాయాచిత్రములు: దీపములు, కటకములు, పేటికలు



ఈ ప్రసంగమునకు కారణము ఒక జాబు. సముద్రతీరమందలి ఒక గ్రామమునుండి పెద్దమనిషి యొకరు నాకు వ్రాసినారు. వారి మనుమడు చదువు ముగించుకొని, నీటి యడుగున ఛాయాచిత్రములు తీయుటయే వృత్తిగా చేసికొనెదనని పట్టుబట్టినాడట. అందులకు వలయు కెమేరా, కటకములు, దీపములు కొనుటకై రెండెకరముల మాగాణి అమ్మి పెట్టుమని కోరుచున్నాడట. ఈ సరంజామా యంతయు నిజముగా అవసరమా, లేక పిల్లవాని ముచ్చటయా, చెప్పుడని వారి ప్రశ్న. నేను చాల యేండ్లుగా ఈ పనిలో నున్నవాడను. వారికి వేరుగా జాబు వ్రాసితిని. ఐనను ఇట్టి ప్రశ్న మరికొన్ని యిండ్లలోను పుట్టియుండునని తలచి, ఆ సంగతినే ఇచ్చట కొంత విస్తరించి మనవి చేయుచున్నాను.

గట్టుమీద మంచిదైన కెమేరా నీటిలోను మంచిదే కావలెనని లేదు. కారణము కెమేరాలో లేదు, నీటిలో నున్నది. నీరు వెలుగును మ్రింగును. మ్రింగగా మిగిలినదానిని వంచును. ఈ రెండు గుణములను గ్రహించినవాడు ఏది కొనవలయునో, ఏది కొనరాదో చాలవరకు తానే తెలిసికొనగలడు.

మ్రింగుట సంగతి ముందు చెప్పెదను. సూర్యకాంతిలోని రంగులన్నిటిని నీరు సమముగా మ్రింగదు. తేటయైన సముద్రజలమునందు సైతము ఎరుపు అయిదారు మీటర్ల లోతుననే చాలవరకు అంతరించును. పిమ్మట నారింజ, దాని వెనుక పసుపు పోవును. ముప్పది మీటర్ల లోతున మిగులునది నీలమును, కొంత ఆకుపచ్చయును మాత్రమే. అచ్చట రాతికి చేయి గీరుకొని నెత్తురు వచ్చినచో అది ఎఱ్ఱగా కనబడదు. నల్లని పసరువలె కనబడును. మొదటిసారి నా నెత్తురును నేనట్లు చూచినప్పుడు నిజముగా జడిసితిని.

ఇందులో పలువురు మరచునది యొకటి కలదు. ఈ మ్రింగుట లోతునకు మాత్రమే కాదు, అడ్డముగా నుండు దూరమునకు కూడ వర్తించును. చేప రెండు మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. మన దీపపు వెలుగు చేపను చేరుటకు రెండు మీటర్లు, తిరిగి కెమేరాను చేరుటకు రెండు మీటర్లు, మొత్తము నాలుగు మీటర్ల నీటిలో ప్రయాణము చేయవలెను. అప్పటికి దానిలోని ఎరుపు చాల సన్నగిలును. కావున ఎంత ఖరీదైన దీపమైనను మీటరు, మీటరున్నర దాటినచో అంతగా పనికిరాదు. దీపమునకు డబ్బు పెంచుటకంటె చేపకు దగ్గరగా పోవుట మేలు. దగ్గరకు పోవుటకు ఖర్చు లేదు. ఓపిక, నిదానము ఉన్న చాలును.

పూర్వు లీ దీపమునకై పడిన పాట్లు వినదగినవి. 1856లో ఇంగ్లండులోని వేమత్ అఖాతమున విలియం థాంప్సన్ అను న్యాయవాది కెమేరాను పెట్టెలో నమర్చి, కఱ్ఱకు కట్టి నీటిలోనికి దించెను. పెట్టెలోనికి నీరు చొరబడెను. ఐనను పలకమీద మసకగా ఏదో పడెను. 1893లో ఫ్రాన్సు దక్షిణతీరమందలి బన్యూల్స్ అను నూర లూయీ బూతాన్ అను జంతుశాస్త్రవేత్త, తన సోదరుడు గీసియిచ్చిన నమూనా ప్రకారము చేయించిన పేటికతో తానే నీట దిగి చిత్రములు తీసెను. సూర్యకాంతిని నమ్ముకొన్నందున ఒక్కొక్క చిత్రమునకు అరగంటవరకును వేచియుండవలసి వచ్చెడిది. అందుచేత ప్రాణవాయువు నింపిన పీపాపై సారాదీపము నిలిపి, దానిపై గాజుబుడ్డి బోర్లించి, రబ్బరుతిత్తితో మెగ్నీషియముపొడిని మంటలోనికి ఊదించి మెరుపు పుట్టించెను. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా దీవులచెంత లాంగ్లీ, మార్టిన్ అను నిద్దరు ఆ పొడినే తెప్పమీద పేల్చి, క్రింద నున్న చేపను రంగులలో చిత్రించిరి. ఆ చిత్రములు 1927లో నేషనల్ జియోగ్రఫిక్ పత్రికలో వెలువడినవి. నేడు పిల్లవాడు చేతిసంచిలో వేసికొనిపోవు ఫ్లాషు దీపము ఆనాడు పీపాలమీదను, తెప్పలమీదను ఊరేగినదన్నమాట.

ఇక వంచుట. రాగిచెంబు అడుగున నాణెము వేసి నీరు పోసినచో అది పైకి తేలినట్లు కనబడుట మీరెరుగుదురు. బావిలో దించిన గడ నీటిమట్టమువద్ద విరిగినట్లు కనబడుటయు నదియే. నీటి యడుగున గాలినింపిన అద్దపు కిటికీగుండా చూచినచో ప్రతి వస్తువును నిజదూరములో మూడువంతులదూరమున నున్నట్లును, మూడవవంతు పెద్దదైనట్లును తోచును. కెమేరా పేటికకు బల్లపరుపు అద్దము బిగించినచో కటకమునకు కనబడు మేర అందుచేత కురచయై పోవును. గట్టుమీద విశాలముగా చూపు 28 మిల్లీమీటర్ల కటకము నీటిలో సుమారు 37 మిల్లీమీటర్ల కటకమువలె ప్రవర్తించును. అంచులవద్ద రంగులు చీలి చెదరును. కావున విశాలదృష్టిగల కటకమును బల్లపరుపు అద్దము వెనుక నుంచుట డబ్బు నీటిపాలు చేయుటయే. కాని పీతపిల్లలు, చిన్న రొయ్యలు మొదలగు సూక్ష్మజీవుల చిత్రణమునకు వాడు 60, 100 మిల్లీమీటర్ల మాక్రో కటకములకు ఈ కురచదనము హాని చేయదు; మేలే చేయును. బల్లపరుపు అద్దము వానికే తగినది.

విశాలదృష్టి కావలెనన్నచో అర్ధగోళాకారపు అద్దము, అనగా డోము, కావలెను. అది పోయిన మేరను తిరిగి తెచ్చియిచ్చును. అయితే దానిలోను ఒక మెలిక యున్నది; అంగడివారు చాలమంది ఇది చెప్పరు. నీటిలో ఆ గోళపుటద్దము తానే ఒక కటకమై, కనుచూపుమేర దూరమున నున్న వస్తువును సైతము తనకు దగ్గరగా, తన అర్ధవ్యాసమునకు మూడింతల దూరమున, నీడవలె నిలుపును. పది సెంటీమీటర్ల అర్ధవ్యాసముగల డోము ముందు ఆమడదూరపు కొండయైనను ముప్పది సెంటీమీటర్ల దూరమున నున్నట్లే కెమేరాకు తోచును. వెనుక నుండు కటకమునకు అంత దగ్గరి వస్తువును స్ఫుటముగా చూపు శక్తి లేనిచో చిత్రములన్నియు మసకయే. కావున "ఎంత విశాలముగా చూపును?" అని అడుగుటతో సరిపెట్టరాదు, "ఎంత దగ్గర చూపగలదు?" అని కూడ అడుగవలెను. ఈ రెండవ ప్రశ్న అడుగక కొని, కటకమును తిరిగి సగము ధరకు అమ్ముకొన్నవారిని నేనెరుగుదును. వారిలో నేనొకడను.

దీపము నెచ్చట పట్టవలయునన్నది దీపము నెన్నుకొనుటకంటె ముఖ్యము. మంచు కమ్మిన వేకువను లాంతరును కంటియెదుట పట్టి నడచిచూడుడు. తెల్లని మంచే కనబడును గాని దారి కనబడదు. లాంతరును మోకాలి దగ్గరకు దించి ప్రక్కకు పట్టినచో దారి తెరపియగును. సముద్రజలమున కంటికానని నలుసులు, ప్లవకములు నిరంతరము తేలుచుండును. కెమేరాకు ఆనుకొని దీపమున్నచో వెలుగు వానికి తగిలి కటకములోనికే తిరిగివచ్చి, చిత్రమంతయు వడగండ్లు కురిసినట్లగును. అందుచేత దీపములను కెమేరాకు రెండువైపుల, చేతులవంటి కడ్డీలమీద దూరముగా నమర్చి, కొంచెము వెనుకకు జరిపి, ముఖములను కొంచెము వెలుపలికి త్రిప్పవలెను. వెలుగు నడిమిభాగము కాక, దాని అంచుమాత్రమే వస్తువును తాకవలెను. మెరుపుదీపము, నిలుకడదీపము అని రెండు జాతులు కలవు. మెరుపుదీపము రెప్పపాటులో వెలిగి యారును గనుక కదలు చేపను కదలనట్లు నిలుపును, బలమును ఎక్కువ. నిలుకడదీపము కదలు బొమ్మలకు తగినది. రెంటికి పనికివచ్చునని చెప్పి అమ్మునవి సాధారణముగా రెంటికిని అంతంతమాత్రమే.

పేటిక సంగతికి వచ్చెదను. ప్రతి పది మీటర్ల లోతునకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగును. ముప్పది మీటర్ల లోతున పదిసెంటీమీటర్ల చదరపు అద్దముపై మూడు క్వింటాళ్ల బరువు, అనగా మూడు పెద్ద ధాన్యపుబస్తాలు, మోపినట్లే. ఇంత బరువును ఆపునది అల్యూమినియము గోడ, లేక గట్టి ప్లాస్టిక్కు గోడ. నీటిని ఆపునది మాత్రము ఓరింగు అను సన్నని రబ్బరుచుట్టు. మంచి కెమేరాకు పేటిక వెల కెమేరా వెలతో సమానముగానో, అంతకు మించియో యుండుట సామాన్యము. మనుమడు చెప్పిన లెక్కలో ఇది కలిసినదో లేదో చూచుకొనవలెను.

అండమానులో నాకు జరిగినది చెప్పెదను. పడవ బయలుదేరు తొందరలో, తడిచేతులతో పేటికను మూసితిని. మూడు మీటర్ల లోతుననే కటకము చెంతనుండి బుడగలు సన్నని పూసలవలె లేచినవి. పైకి వచ్చి తెరచిచూతును గదా, లోపల గ్లాసెడు ఉప్పునీరు. కెమేరా మరి వెలుగలేదు. ఓరింగుపై అడ్డముగా పడియున్నది ఒక్క తలవెండ్రుక. తప్పు పేటికను చేసినవానిది కాదు, నాది. లోతునకు పోయినకొలది ఒత్తిడి రబ్బరును మరింత బిగించును గనుక ఇట్టి ప్రమాదము సాధారణముగా పైభాగముననే జరుగును. నాటినుండి ముందురాత్రియే దీపముక్రింద కూర్చుండి, ఓరింగును తీసి, తుడిచి, వేలితో తడవి చూచి, దానికి చెప్పబడిన కందెన మాత్రమే పలుచగా పూసి మూయుచున్నాను. ఆ కందెన నీటిని ఆపుటకు కాదు, రబ్బరు సరిగా కూర్చుండుటకు. బండియిరుసునకువలె దట్టించినచో ఇసుక నంటించుకొనును. క్రొత్త పేటికను కెమేరా లేకుండ ఒకసారి నీట ముంచి చూడవలెను. లోపలి గాలిని కొంత పీల్చివేసి, ఒత్తిడి నిలిచినచో పచ్చదీపము చూపు సాధనములు నేడు దొరకుచున్నవి; అట్టిది వ్యర్థవ్యయము కాదు. సముద్రమునుండి రాగానే మంచినీటి తొట్టిలో నానవేయుట మరువరాదు.

సముద్రము లేని గ్రామముల పెద్దలు, ఇది మాకెందుకని అనుకొనవచ్చును. ఒక యూర చెరువు తూము తలుపు దిగక మొరాయించగా, నీరంతయు వదలివేయకుండ లోపలి సంగతి తెలిసికొనుటకు నన్ను పిలిచిరి. ఆ నీటిలో మూరెడుదూరమున చేయి కనబడదు. ఏ దీపమును పనిచేయదు. బురద వెలుగును తిరుగగొట్టును. అట్టిచోట వృత్తిగాండ్రు చేయు ఉపాయమొకటి కలదు. తేటనీటితో నింపిన పారదర్శకపు సంచినిగాని, పెట్టెనుగాని కెమేరాకును తూమునకును నడుమ నొక్కి పట్టుదురు. వెలుగు బురదలో గాక సంచిలోని తేటనీటిలో ప్రయాణము చేయును. అట్లు తీసిన చిత్రమున తలుపుక్రింద ఇరుకుకొన్న తాటిమొద్దు స్పష్టముగా కనబడెను. దిగుటకు ముందు తూములన్నియు మూయించి, తలుపులకడ ఒక మనిషిని కూర్చుండబెట్టితిమి. తెరచిన తూమువద్ద దిగినవానిని నీరు అంటుకట్టినట్లు లాగి పట్టును. ఎంతటి గజఈతగాడైనను విడిపించుకొనలేడు. ఏ గ్రామమునను ఈ జాగ్రత్త లేక ఎవరిని దింపరాదు.

మన తీరమున వర్షకాలమందు గోదావరి, కృష్ణల ఎఱ్ఱనీరు సముద్రమున దూరముగా వ్యాపించును. అప్పుడు విశాలదృష్టి కటకము దండుగ. మాక్రో కటకమును, ఒక దీపమును చాలును. తేటనీటికి అండమానులకో, లక్షదీవులకో పోవలెను. ఆ ప్రయాణపు ఖర్చును సరంజామా ఖర్చులోనే లెక్కింపవలెను.

ఆ పెద్దమనిషికి నేను వ్రాసిన జాబు ఇట్లుండెను. మొదట కెమేరా కొనవలదు. స్కూబా శిక్షణకు పంపుడు. ప్రారంభశిక్షణ పొందినవారికి పదునెనిమిది మీటర్ల లోతు పరిమితి. పది మీటర్ల లోతున గాలి రెట్టింపు ఖర్చగును. పైకి వచ్చునప్పుడు ఊపిరి బిగబట్టినచో ఊపిరితిత్తులు చిట్లును. ఈ రెండును ఒంటబట్టనివాడు కెమేరావైపు చూచుచు గాలికొలతను మరచును. పిమ్మట పేటిక లేకయే పదునైదు మీటర్లవరకు పోగల చిన్న కెమేరాలున్నవి. ఒలింపస్ వారి టి.జి.-6 అట్టిది. దానికి తగిన పేటిక, ఒక మెరుపుదీపము, నీటిలోనే వెలుపల తగిలించి తీయదగు ఒక కటకము చాలును. పెద్దకెమేరా, డోము, రెండు దీపములు అను మాట ఒక యేడాది పనిచేసి, ఆ పనికి ఎవరైన డబ్బు చెల్లించిన పిమ్మట. అంతవరకు మాగాణి మీపేరనే యుండనిండు.

వారి ప్రత్యుత్తరము గతవారము వచ్చినది. సలహా నచ్చినదట. ఒక్క సందేహము మాత్రము మిగిలినదట: మనుమడు భుజములవరకు జుట్టు పెంచినాడే, నేను చెప్పిన ఆ ఓరింగునకు ముప్పు రాదా? జుట్టు కత్తిరింప నక్కరలేదు, పేటిక మూయునపుడు తలకు గుడ్డ చుట్టుకొన్న చాలునని వ్రాసితిని.