బైకు ఇంజను కారుని లాగుతుందా?

సంతబొమ్మాళి నుంచి టెక్కలికి రయ్యిమని వెళ్లే బైకు ఇంజను తీసి కారులో పెడితే నడుస్తుందా? నడుస్తుంది, కారు తేలికదైతేనే!

చాలా బైకు ఇంజన్ల బలమంతా వేగంలోనే ఉంటుంది. పల్సర్ లాంటివి నిమిషానికి 8,000 సార్లకు పైగా తిరిగితేగానీ పూర్తి బలం చూపవు. నెమ్మదిగా తిరిగేటప్పుడు సత్తువ తక్కువ. పరుగుపందెంలో గెలిచే పిల్లాడి నెత్తిన ఉద్దానం కొబ్బరికాయల బస్తా పెట్టినట్టన్నమాట. ఆగిన బరువైన కారును కదిలించబోతే క్లచ్ జారి, వేడెక్కి, మాడు వాసన కొడుతుంది.

మారుతి 800 సుమారు 650 కిలోలు, నానో 600. బజాజ్ క్యూట్ అనే బుల్లి నాలుగు చక్రాల బండి ఇంకా తేలిక, అందుకే దానికి 216 సీసీ ఒంటి సిలిండర్ ఇంజను చాలింది. మామూలు బైకులకు లేని రివర్స్ గేరు కూడా దానికి పెట్టారు. అది లేకపోతే సందులోంచి కారును వెనక్కి తోసుకోవాల్సిందే!

మీరు మాత్రం ఇంట్లో మొదలుపెట్టకండి. అనుమతి లేకుండా బండి ఇంజను మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.