నర్సులకు ప్రత్యేక శాఖా పరీక్షలు: తల్లిదండ్రులు తెలిసికొనదగిన విషయములు

మన పాఠశాలలో చదువుకొను పిల్లలలో నర్సు వృత్తిని కోరువారు కలరు. వారి తల్లిదండ్రులు మొట్టమొదట అడుగు ప్రశ్న, “ఎన్ని యేండ్లు చదివించవలయును?” అనునది. దీనికి సమాధానము రెండు మెట్లుగా చెప్పవలసి యున్నది. నర్సుగా పేరు నమోదగుట మొదటి మెట్టు. ఒక ప్రత్యేక శాఖలో నేర్పు సంపాదించి, పరీక్షలో నెగ్గి, యోగ్యతాపత్రమును పొందుట రెండవ మెట్టు. మొదటిదానిని అందరు నెరుగుదురు. రెండవదానిని గూర్చి ఇంటిలో చెప్పువారు లేక తెలివిగల పిల్లలు సైతము అచ్చటనే నిలిచిపోవుట కలదు.

ప్లస్ టూ తరువాత జనరల్ నర్సింగు, మిడ్‌వైఫరీ డిప్లొమాకు 3 సంవత్సరములు, బి.ఎస్‌సి. నర్సింగునకు 4 సంవత్సరములు పట్టును. పిమ్మట తమిళనాడు నర్సుల, మంత్రసానుల మండలిలో పేరు నమోదు చేయించుకొనవలయును. ఈ మండలికి మూలమైన చట్టము 1926 నాటిది. నమోదై, కనీసము ఒక సంవత్సరము ఆసుపత్రిలో పనిచేసినవారు, భారత నర్సింగు మండలి ఏర్పరచిన పాఠ్యక్రమము ననుసరించి ఒక సంవత్సరపు పోస్ట్ బేసిక్ డిప్లొమాలో చేరవచ్చును. తీవ్రరోగుల సంరక్షణ, అత్యవసర చికిత్స, నవజాత శిశువులు, గుండె, నరములు, మూత్రపిండములు, క్యాన్సరు, మనోరోగములు, ఆపరేషను గది మున్నగునవి అందలి శాఖలు. మనకు దూరము కాని వేలూరులో అయిడా స్కడ్డరమ్మ 1909లో నర్సుల పాఠశాలను స్థాపించినది. 1946లో అచ్చట డిగ్రీ చదువు ఆరంభమైనది. అట్టి పెద్ద ఆసుపత్రులలో ఈ ప్రత్యేక శిక్షణలు జరుగుచున్నవి.

ఇచ్చట నొక హెచ్చరిక. పలకపై “నర్సింగు” అని వ్రాసియున్న ప్రతి శిక్షణయు నర్సును తయారుచేయదు. ఆరు నెలలకో, ఏడాదికో ముగియు సహాయకుల శిక్షణ వలన నర్సుగా నమోదగు హక్కు రాదు. నమోదు లేనిదే రెండవ మెట్టు మాటయే లేదు. భూమి తాకట్టుపెట్టి రుసుము కట్టిన పిమ్మట ఈ సంగతి తెలిసిన లాభమేమి? ధనము చెల్లింపక మునుపే ఆ విద్యాలయము గుర్తింపు పొందినదో లేదో మండలిని విచారించి తెలిసికొనుడు.

ప్రత్యేక శిక్షణ యొక్క విలువను తెలంగాణ చక్కగా చూపినది. 2017లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సంస్థల తోడ్పాటుతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించినది. సహజ ప్రసవమును స్వయముగా నడిపింపగల నర్సులను తయారుచేయుట దాని ఉద్దేశము. మరుసటి సంవత్సరము, 2018లో, కేంద్ర ప్రభుత్వము దేశమునకంతకును మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శక సూత్రములను వెలువరించినది.

ఇక పరీక్ష యెట్టిది? కంఠస్థము చేసినది అప్పగించుటతో సరిపోదు. ఒక ప్రశ్న చూడుడు: ప్రసవమైన కొలది నిమిషములకే తల్లికి రక్తము ధారగా పోవుచున్నది, గర్భసంచి మెత్తగా నున్నది, నర్సు మొదట చేయవలసిన దేమి? తల్లిని విడిచి వైద్యుని కొరకు పరుగెత్తుట సరికాదు. సహాయమునకై కేకవేయుచునే, పొట్టపైనుండి గర్భసంచిని మర్దించి గట్టిపడునట్లు చేయవలయును. రోగి చెంత నిలిచి పనిచేసినవారికే ఈ జవాబు తడబాటు లేక వచ్చును.

లెక్కలును వచ్చును. 500 మిల్లీలీటర్ల సెలైనును 4 గంటలలో ఎక్కించవలయును. గొట్టములో మిల్లీలీటరుకు 20 చుక్కలు. నిమిషమునకు ఎన్ని చుక్కలు? మొత్తము 10,000 చుక్కలను 240 నిమిషములతో భాగించిన సుమారు 42. ఇది మన పిల్లలు నేర్చుకొను త్రైరాశికమే. అచ్చట తప్పిన మార్కు పోవును. ఆసుపత్రిలో తప్పిన ప్రాణమునకే మోసము.

కావున సిద్ధపడువారు మొదట పాఠ్యక్రమమును ముందుంచుకొని, తమకు అలవాటు లేని భాగములను గుర్తించవలయును. దినమునకు ఒక గంట చొప్పున కొన్ని నెలలు చదువుట, చివరి వారము రాత్రులు మేల్కొనుటకంటె మేలు. పగలు చూచిన రోగి వ్యాధిని ఆ రాత్రియే పుస్తకమున చదివిన మరపు రాదు. పాత ప్రశ్నలకు గడియారము పెట్టుకొని జవాబులు వ్రాసి, తప్పినదానికి కారణమును వ్రాసి యుంచుకొనవలయును. ప్రాయోగిక పరీక్ష వేరుగా నుండును గనుక చేతిపనిని నిర్లక్ష్యము చేయరాదు.

అమెరికాకు పోయిన తెలుగు నర్సులకును ఇట్టి పరీక్షలు కలవు. తీవ్రరోగుల సంరక్షణలో వారు వ్రాయు సి.సి.ఆర్.ఎన్. పరీక్షలో 150 ప్రశ్నలకు 3 గంటలు, అనగా ప్రశ్నకు 72 సెకండ్లు మాత్రమే. ఆ దేశపు నర్సు లైసెన్సు ముందుగా ఉండవలయును. రెండేండ్ల అనుభవమును చూపువారు ఆ కాలములో 1,750 గంటలు రోగుల సేవ చేసియుండవలయును. నెగ్గినవారి పత్రమునకు 3 సంవత్సరములే చెల్లుబాటు. నేర్చినది నిలుపుకొనుట కూడ వృత్తిధర్మమే యని దీని భావము.

పరీక్ష ఇంగ్లీషున నుండునని తెలుగు పిల్లలు భయపడనక్కరలేదు. వైద్యపదములు ఎవరికైనను క్రొత్తవే. ఇంగ్లీషు పదమును వ్రాసి, దాని యర్థమును తెలుగున తనకు తాను చెప్పుకొన్నవారికి విషయము స్థిరపడును. పైగా మన ధర్మపురి సీమలో తెలుగు, తమిళము రెండును ఎరిగిన నర్సు, రోగి బాధను అతని మాటలలోనే వినగలదు. ఏ శాఖలోనైనను సరియైన శుశ్రూషకు అదియే మొదలు.

తల్లిదండ్రులు చేయవలసినది స్వల్పమే. ఇప్పటినుండియే గణితమును, విజ్ఞానమును, మూడు భాషలను శ్రద్ధగా చదివింపుడు. నర్సు ఉద్యోగములో చేరిన కుమార్తెకు ఇంటి పనులనుండి దినమున కొక గంట విడిచిపెట్టుడు. వివాహపు మాటలు వచ్చినప్పుడు, రెండవ మెట్టెక్కుటకు వలసిన ఆ యొక సంవత్సరమును ముందుగానే అడిగి పుచ్చుకొనుడు.