కందిరీగల గూటిలో కలహము

ఇంటి చూరున చిన్న కాడకు వ్రేలాడు కందిరీగల గూడు మనలో అనేకులకు పరిచితమే. దానిని చూడగానే కుట్టునేమో అను భయము కలుగును. కాని అవి మనతో పెట్టుకొను తగవుకంటె తమలో తాము పడు తగవు మిక్కిలి విచిత్రమైనది.

కొయ్యపీచును గోకి, లాలాజలముతో కలిపి, కాగితము వంటి పదార్థముతో ఈ జాతులు గూడు కట్టును. ఐరోపాలో వసంతకాలమున ఒక్కొక్కప్పుడు పలు ఆడ ఈగలు చేరి ఒకే గూటిని ఆరంభించును. అన్నియు గ్రుడ్లు పెట్టగలవే. మరి తల్లి కాదగినది ఏది? కలహమునకు మూలమిదియే. ఒకటి మరియొకదానిపై కెక్కి కరచును. ఓడినది మీసములు వంచి, ఒదిగి, కదలక యుండును. క్రమముగా ఎక్కువ తక్కువల వరుస ఏర్పడును. గెలిచినది గ్రుడ్లు పెట్టును; ఇతరములు పెట్టినవానిని తినివేయును. ఓడినవి ఆహారమునకై తిరుగును. వాని అండాశయములును కృశించును. ఇటలీ శాస్త్రజ్ఞుడు లియో పార్డి 1940 దశకమున ఈ సంగతులను వివరించి, కోళ్లలోవలె కీటకములలోను అంతస్తులు కలవని చూపెను.

ఓడినది గూడు విడిచి పోదేల? ఒంటరిగా గూడు నిలుపుట కష్టము. పైగా పెద్దది మరణించినచో ఆ గూడు తనకే దక్కవచ్చును.

మన దక్షిణాపథమున రోపలీడియా మార్జినేటా అను జాతి కలదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్, ఆయన సహచరులు ఈగలకు రంగుచుక్కలు పెట్టి, వాని నడవడిని ఏండ్ల తరబడి పరిశీలించిరి. ఇందు రాణి కలహమాడదు, సాధువు. తన యునికిని గూటిపై పూయు రసాయన ద్రవ్యముచేత తెలుపునని ఆ పరిశోధనలు సూచించుచున్నవి. అట్టి రాణిని తొలగించినచో, కొలది నిమిషములలోనే ఒక పనికత్తె ఈగ ఉగ్రరూపము దాల్చి తక్కినవానిపై బడును. రాణిని మరల ఉంచినచో అది అణగును. రాణి రాకున్న, సుమారు వారము దినములకు గ్రుడ్లు పెట్టనారంభించి, క్రమముగా తానును సాధువగును.

కనుక ఈ కలహము వట్టి క్రౌర్యము కాదు; సంతానమును కను హక్కు ఎవరిదో తేల్చు పద్ధతి. ఆ హక్కు స్థిరపడినచో కరచుటతో పనియే లేదు.

శ్రోతలకు మేము మనవి చేయున దొక్కటి. ఈ ఈగలు తమ పిల్లలకై గొంగళిపురుగులను వేటాడి తెచ్చును. కావున మనుష్యుల రాకపోకలకు దూరముగా నున్న గూటిని కాల్చివేయక, దూరమునుండి గమనించుడు. అందలి రాజకీయము చూడదగినది.