చెవికి యంత్రము అమర్చువా రెవరు?

విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన నాటినుండి కృష్ణా డెల్టా యిండ్లలో ఒక తగవు తెగక నడచుచున్నది. వార్తల వేళకు తాతగారు రేడియో శబ్దము పెంచుమందురు. పక్కగదిలో చదువుకొను మనుమడు తగ్గింపుమనును. ఎంత పెంచినను తాతగారి ఫిర్యాదు తీరదు. "గొంతు వినబడుచున్నది గాని మాట తెలియుట లేదురా" అందురు. ఆ యొక్క మాటలో జబ్బు లక్షణము చాలవరకు ఇమిడియున్నది.

వయసు మీరినకొలది చాలమందికి మొదట తగ్గునది సన్నని ధ్వనుల వినికిడి. అచ్చులలో బలమెక్కువ గనుక అవి చెవిని బడును. స, త, క వంటి హల్లులు జారిపోవును. పాలన్నారో కాలన్నారో తెలియదు. రేడియో మీట అన్ని ధ్వనులను ఒక్కతీరున పెంచును గనుక దానివలన ప్రయోజనము స్వల్పము. మనవారు చెవి మిషను అనెడి శ్రవణ యంత్రమును అట్లు కాక, ఏ స్థాయి ధ్వని ఎంత తగ్గినదో డెసిబెల్ లెక్కన కొలిచి, ఆ పటమునుబట్టి సరిచేయవలెను. తక్కువైనచో వ్యర్థము, మితిమీరినచో మిగిలిన వినికిడికే ముప్పు. చెవి అచ్చు సరిగా కుదరనిచో యంత్రము కీచుమని కూయును.

మా బంధువులలో ఒక పెద్దాయన ఏదో శిబిరమున పదివేలకు పైగా పోసి యంత్రము కొనిరి. అమ్మినవాడు చెవిలోనికి తొంగియైనను చూడలేదు. నెల తిరుగకమునుపే అది దేవుని గూటి ప్రక్కకు చేరెను. ఆయనయు నలుగురిలో కూర్చుండుట మానిరి. పిమ్మట చెవి వైద్యుడు పరీక్షింపగా లోపల గుబిలి గట్టిపడియున్నది! తీసివేయగానే సగము వినికిడి తిరిగి వచ్చెను. మిగిలిన సగమునకు యంత్రము కావలసియే వచ్చినది. కాని ఆ యంత్రము కాదు.

ఈ పని ఎవరుబడితే వారు చేయదగినది కాదని చట్టమే చెప్పుచున్నది. పార్లమెంటు 1992లో భారత పునరావాస మండలి చట్టము చేసినది. 1993 నుండి అది అమలులో నున్నది. ఆడియాలజిస్టులును, శ్రవణ యంత్రములు, చెవి అచ్చుల సాంకేతికులును ఆ చట్టము పేర్కొన్న వృత్తులవారే. గుర్తింపు పొందిన చదువు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు చేర్చుకొననివారు ఈ వృత్తి సాగింపరాదని 13వ సెక్షను నిషేధించినది. మీరినవారికి ఏడాదివరకు ఖైదు గాని, వేయి రూపాయలవరకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నేటి యంత్రముల ధరలో వేయి రూపాయలు ఏ మూలకు అని మాకును తోచినది.

ఇరువురి పనియు ఒకటి కాదు. కొలిచి, నిర్ణయించి, అమర్చువాడు ఆడియాలజిస్టు. ఆ డిగ్రీ, శిక్షణతో కలిసి నాలుగేండ్ల చదువు. 1965లో మైసూరున వెలసిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పేరొందినది; మనకు దగ్గరలో సికిందరాబాదున అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రము కలదు. అచ్చులు పోయుట, మరమ్మతు సాంకేతికుని వంతు. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరములన్నియు ఔషధముల చట్టము క్రిందికి వచ్చినవి. అది యంత్రమునకు కట్టడి, ఇది మనిషికి.

అమెరికాలో ఏ రాష్ట్రపు లైసెన్సు ఆ రాష్ట్రముదే; మనకు దేశమంతటికి ఒక్కటే రిజిస్టరు. అచ్చట 2022 అక్టోబరు 17 నుండి కొన్ని యంత్రములను పరీక్ష లేకయే కొట్టులో కొనవచ్చును. అక్కడి కుమారుడు గుడివాడలోని తండ్రికి ప్రేమతో పంపునది తరచు ఇదియే. అయితే అవి పదునెనిమిదేండ్లు దాటినవారిలో స్వల్ప, మధ్యమ లోపమునకే ఉద్దేశింపబడినవి. పిల్లలకు పనికిరావు. వినికిడి హఠాత్తుగా పోయినను, ఒక చెవియే మొద్దుబారినను, చీము కారుచున్నను ముందు వైద్యుని చూడవలెను. హఠాత్తుగా పోయినప్పుడు ఒకటి రెండు దినముల ఆలస్యమును కూడదు.

యంత్రము కొనబోవువారు ధరకన్న ముందు అమర్చువాని రిజిస్టరు నంబరు అడుగవలెను. అడుగుటకు మొగమాటము వలదు. ఇంటివారి నొకరిని వెంట గొనిపోయి, వారిచేత మామూలు గొంతుతో మాటలాడించి చూడుడు. రెండు మూడు వారముల పిదప మరల సరిచేయుటకు పోవలసి యుండును. ఆనాటికి అమ్మినవాడు ఊరిలో నుండునో లేదో కూడ ముందే కనుగొనుడు.