పాత బండి – కొండదారి

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు సమీపంలో ఉన్న హార్సిలీ కొండలకు ఏనుగు మల్లమ్మ కొండ అని మరొక పేరు. ఇవి సముద్రమట్టానికి సుమారు 1,260 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఇటువంటి కొండదారిలో పాత మోటారు సైకిలుకు అసలైన పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు ఎదురవుతుంది.

మైసూరులో 1961 నుండి 1996 వరకు తయారైన జావా, యెజ్డీ బండ్లు టూ స్ట్రోక్ రకానివి. వీటిలో ఆయిల్‌ను పెట్రోలులోనే కలుపుతారు. పిస్టనుకు ఆయిల్ అందేది ఆ పెట్రోలు ద్వారానే. వాలులో యాక్సిలరేటరును పూర్తిగా మూసి, గేరులో చాలాదూరం దిగితే పెట్రోలుతోపాటు ఆయిల్ కూడా తగ్గిపోతుంది. అప్పుడు పిస్టన్ వేడెక్కి బిగుసుకుపోవచ్చు. వెనుక చక్రం హఠాత్తుగా ఆగి చోదకుని ప్రాణానికే ముప్పు కలుగవచ్చు. కనుక అప్పుడప్పుడు క్లచ్ పట్టి యాక్సిలరేటరును కొద్దిగా తిప్పాలి. బ్రేకును అదే పనిగా తొక్కిపట్టినా అది వేడెక్కి పట్టు తప్పుతుంది. అందువల్ల విడిచి విడిచి వేయాలి.

లైసెన్సు పొందిన తరువాత, హెల్మెట్ ధరించి, ముందుగా సమతలమైన మట్టినేలపై సాధన చేయాలి. ఫుట్‌రెస్టులపై నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, నడక వేగంతో బండిని నడపడం నేర్చుకోవాలి. వేగంగా పోవడం సులభం. నెమ్మదిగా, పడకుండా పోవడమే విద్య. యంత్ర స్వభావం ఎరిగినవాడే దానిని క్షేమంగా నడపగలడు.